ఒకే తూము కింద ఇద్దరి ఆయకట్టు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ గణితం చదివి, భీమవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. పెళ్ళయ్యాక మా వారి ఉద్యోగం కోసం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు వచ్చి పదహారు నెలలైంది. మా వారిది రాజోలు వైపు. మంచివారే, ఏ లోటూ చేయరు. అయినా ఇక్కడ నేనెవరినో నాకే తెలియడం లేదు. ఆయన పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తారు. అంతవరకూ నాతో మాట్లాడే మనిషి ఉండరు. వచ్చాక నేను మాట్లాడుతుంటే ఆయన ఫోను చూసుకుంటారు, దాని మీద రోజూ గొడవ. కూరగాయలకు వెళ్ళాలన్నా ఆయన కార్డు అడిగి తీసుకోవాలి. పది పన్నెండు ఉద్యోగాలకు దరఖాస్తు పెడితే ఒక్క జవాబూ రాలేదు. ఫోను చేస్తే అత్తగారు పిల్లల సంగతి, మామగారు రాజోలు దగ్గర ఎకరంన్నర కొబ్బరితోట మా వారి పేరున కొనే సంగతి తప్ప మరొకటి మాట్లాడరు. జూన్‌లో వచ్చి చేరతారా అని మా కళాశాల వారు అడిగారు. వెళ్ళిపోవాలనిపిస్తోంది. "అందరి భార్యలూ సర్దుకోవడం లేదా, నీ ఒక్కదానికే ఏమిటి?" అంటారు మా వారు. నేను వచ్చేస్తే తప్పా?

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెప్పి, ఆ తర్వాత మిగిలిన విషయాలలోకి వస్తాను. తిరిగి రావడం తప్పు కాదు. భార్య ఒక దేశంలో, భర్త ఒక దేశంలో ఉండి సంసారం నడపడం మన గోదావరి వాళ్ళకు కొత్త కూడా కాదు. మీ అత్తవారి రాజోలు వైపే, మలికిపురం, సఖినేటిపల్లి ఊళ్ళలో, కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళి ఏళ్ళ తరబడి పనిచేసి పిల్లల్ని చదివించుకున్న ఆడవాళ్ళు వీధికొకరు కనిపిస్తారు. వాళ్ళ భర్తలు ఇక్కడ ఇల్లూ పొలమూ చూసుకున్నారు. కాబట్టి మీరు భీమవరం వచ్చి మళ్ళీ సుద్దముక్క పట్టుకున్నంత మాత్రాన కొంపలేమీ మునిగిపోవు. అయితే మీరు కళాశాల కోసం వస్తున్నారా, ఐండ్‌హోవెన్ నుంచి తప్పించుకోవడానికి వస్తున్నారా అన్నది మీ ఉత్తరంలో నాకు తేలలేదు. బహుశా మీకూ తేలి ఉండదు. ఉత్తరం మీద తేదీ చూస్తే జనవరి రెండో వారం. ఆ నెలలో అక్కడ ఎనిమిదిన్నర దాటితే గాని తెల్లవారదు, సాయంత్రం ఐదు కాకముందే దీపాలు పెట్టుకోవాలి. ఆ చీకట్లో తీసుకున్న ఏ నిర్ణయాన్నైనా ఏప్రిల్ ఎండలో మరొకసారి బయటకు తీసి చూసుకోవాలని నేను అనుభవం మీద చెప్పగలను.

అనుభవం అన్నాను కనుక ఆ మాట కూడా చెబుతాను. మా వారు నీటిపారుదల ఇంజనీరు. 1993లో ఆయన చదువు కోసం మీరున్న నెదర్లాండ్స్‌లోనే డెల్ఫ్ట్ అనే ఊరికి వెళ్ళాం, ఆ చదువు ఉద్యోగంగా మారడంతో ఆరేళ్ళు అక్కడే ఉండిపోయాం. స్కిపోల్ విమానాశ్రయంలో దిగిన రోజు ఆయన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. మనం నిలబడిన ఈ నేల ఒకప్పుడు పెద్ద సరస్సు అడుగు అనీ, పడవలు తిరిగిన ఆ సరస్సును ఆవిరి పంపులతో తోడి 1852లో ఆరబెట్టారనీ, మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది కూడా సరిగ్గా ఆ ఏడాదేననీ, నీళ్ళను తోడిపోసి వాళ్ళూ, నీళ్ళను మళ్ళించి మనమూ ఒకే ఏడు పొలాలు సంపాదించుకున్నామనీ సామాన్ల బండి తోసుకుంటూనే ఆయన చెప్పుకుపోతున్నారు. నాకు ఆ క్షణాన కావలసింది కాటన్ దొర కాదు, చేతులకు తొడుగులు. ఆయనకు ఆ దేశంలోకి వెళ్ళడానికి ఒక వాకిలి ఉంది, అది ఆయన పని. నాకున్న వాకిలి ఆయన ఒక్కరే. మీ ఉత్తరం చదువుతుంటే ముప్పై ఏళ్ళ కిందటి ఆ సామాన్ల బండి చప్పుడే వినిపించింది.

మన డెల్టాలో పుట్టినవారు కనుక మీకు తూము సంగతి చెప్పనక్కరలేదు. ఒక తూము ఎంత ఆయకట్టుకు పెట్టారో అంతకే నీరిస్తుంది. దాని కింద రెట్టింపు పొలం తెచ్చిపెట్టి, శివారు చేను ఎండిపోయిందని నీళ్ళు వదిలే లస్కరును తిడితే లాభం లేదు. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. మీకు డబ్బు ఆయన ద్వారా రావాలి, కబుర్లు ఆయన ద్వారా రావాలి, ఆ దేశపు కాగితాలు అర్థం కావాలన్నా ఆయనే చదివి చెప్పాలి, ఆఖరికి ఊళ్ళో ఎవరితోనైనా పరిచయం కావాలన్నా ఆయన స్నేహితుల భార్యలే దిక్కు. పైగా గడియారం కూడా మీకు అనుకూలంగా లేదు. చలికాలంలో మీకూ మనకూ నాలుగున్నర గంటల తేడా. ఆయన ఇంటికి వచ్చే సాయంత్రం ఆరింటికి ఇక్కడ మీ అమ్మగారికి రాత్రి పదిన్నర, ఆవిడ నిద్రపోతుంటారు. అంటే ఆ వేళ నుంచి మీరు పడుకునే దాకా ఈ భూమ్మీద మీ మాట వినడానికి మెలకువగా ఉన్న సొంత మనిషి ఆయన ఒక్కరే. ఆయనేమో పగలంతా పరాయి భాషలో మాట్లాడి మాట్లాడి, మాట అయిపోయి ఇంటికి చేరతారు. పది గంటల మౌనం తర్వాత మీకు మాట మొదలయ్యేది అప్పుడే. ఇది ఇద్దరిలో ఎవరి చెడ్డతనమూ కాదు, కానీ ఇలాగే వదిలేస్తే చెడ్డతనంగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. కాబట్టి ఇప్పుడు చేయవలసింది ఆయనతో వాదన గెలవడం కాదు, మీకంటూ మరో మూడు నాలుగు తూములు తెరుచుకోవడం. ఉండడమా రావడమా అన్నది అవి తెరుచుకున్నాక ఆలోచించినా ఆలస్యం కాదు.

ఈ కింది నాలుగు మాటలూ మీ వారికి చదివి వినిపించండి. బాబూ, మీరు "అందరి భార్యలూ" అన్నారు. ఆ అందరిలో ఎంతమంది సర్దుకున్నారో, ఎంతమంది ఊరుకున్నారో మీకు తెలిసే వీలు లేదు. మీరు అక్కడికి వెళ్ళినప్పుడు ఇల్లు చూపించడానికి, పురపాలక కార్యాలయానికి తీసుకెళ్ళడానికి, బ్యాంకు ఖాతా తెరిపించడానికి మీ కంపెనీ మనిషిని ఇచ్చి ఉంటుంది. ఆమెకు అలాంటి మనిషి మీరే. మీరు ఆ పని సగంలో వదిలేశారు. ఇంటికి రాగానే ముప్పావు గంట ఫోను మరో గదిలో పెట్టండి. అంతకంటే ముఖ్యంగా, వారంలో ఒక సాయంత్రం ఆమె భాష తరగతికి వెళితే ఆ పూట వంట మీరు చేయండి. అక్కడి చట్టం ప్రకారం, పదిమందో అంతకంటే ఎక్కువో పనిచేసే సంస్థలో ఆరు నెలలు పూర్తయిన ఉద్యోగి తన పని గంటలు మార్చమని రాతపూర్వకంగా అడగవచ్చు, డచ్చివారు మగా ఆడా తేడా లేకుండా అడుగుతుంటారు కూడా. కానీ నైపుణ్య వలసదారుగా వెళ్ళిన మీకు ఒక చిక్కుంది. గంటలు తగ్గించుకున్నా, ఐఎన్‌డీ అనే వలస శాఖ నిర్ణయించిన కనీస జీతం మాత్రం మీకు తగ్గకూడదు. అది చూసుకొనే అడగండి. ఇంకొక్క మాట. మీ ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి మీకు మామూలుగా ఇచ్చే గడువు మూడు నెలలు, మీ భార్య నివాస అనుమతి కూడా మీ అనుమతి మీదే ఆధారపడి ఉంది. ఇంట్లో రెండో మనిషి తన కాళ్ళ మీద నిలబడి ఉండడం మీకూ అవసరమే.

ఇక మీ సంగతికి వస్తాను. మీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు తీసి దాని మీద రాసి ఉన్నది చదవండి. నైపుణ్య వలసదారు భార్య కార్డు మీద సాధారణంగా "ఆర్బైడ్ వ్రై టూఖెస్టాన్" అని ఉంటుంది. ఏ పనైనా స్వేచ్ఛగా చేసుకోవచ్చు, యజమాని వేరే అనుమతి తెచ్చుకోనక్కరలేదు అని దాని అర్థం. అమెరికాలో హెచ్-4 అనే, భర్త మీద ఆధారపడిన వీసా మీద కూర్చున్న మన అమ్మాయిలు ఈ ఒక్క వాక్యం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. మీ దగ్గర అది పర్సులో ఉంది. పౌర నమోదు సంఖ్య మీకు వచ్చిన రోజునే బ్యాంకు ఖాతా తెరిచే అర్హత కూడా వచ్చింది. మీ పేరున ఒక ఖాతా, ఇద్దరి పేరునా ఒక ఉమ్మడి ఖాతా తెరవండి. ఇంటి ఖర్చు ఉమ్మడి దాంట్లోంచి పోవాలి, మీ ఖాతాలోకి ప్రతి నెలా ఇద్దరూ అనుకున్న మొత్తం, అది 150 యూరోలు కానివ్వండి 300 కానివ్వండి, అడగకుండా రావాలి. వంకాయలు కొనడానికి కార్డు అడగవలసి రావడం చిన్న విషయంగా మీరు రాశారు, ఒకే వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో కళ్ళకు గుచ్చుకున్నది ఆ వాక్యమే. ఆరేళ్ళు సొంత జీతం తీసుకున్న మనిషి చెయ్యి చాచవలసి వస్తే, ఇచ్చే చెయ్యి ఎంత మంచిదైనా, లోపల ఏదో రోజూ కాస్త కాస్త తరుగుతుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లలోకి వెళ్ళడానికి వాడే డిజిడీ అనే లాగిన్ కూడా మీ సొంతది, మీ ఫోనులో, మీ పాస్‌వర్డుతో ఉండాలి.

ఉద్యోగం విషయంలో మీరు తొందరపడి నిరాశపడుతున్నారు. పది పన్నెండు దరఖాస్తులు ఆ దేశంలో లెక్కలోకి రావు. అక్కడి ప్రకటనలో చాలాసార్లు వివరాలకు ఎవరికి ఫోను చేయాలో పేరుతో సహా ఇస్తారు. మన వాళ్ళు దాన్ని వదిలేసి దరఖాస్తు మాత్రం పంపుతారు. ముందు ఆ మనిషికి ఫోను చేసి రెండు ప్రశ్నలు అడిగి, ఆ తర్వాత పంపిన దరఖాస్తును వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. మీ డిగ్రీలను ఐడీడబ్ల్యూ అనే చోట మదింపు చేయించండి. మన ఎమ్మెస్సీని ఒక మెట్టు దించి లెక్కకట్టినా మనసు కష్టపెట్టుకోవద్దు, ఆ కాగితం ఉన్న మనిషికీ లేని మనిషికీ చాలా తేడా ఉంది. ఆ దేశంలో బడి పంతుళ్ళకు కొరత ఉంది, గణితానికి మరీ ఉంది. కానీ మామూలు డచ్ హైస్కూల్లో చెప్పాలంటే భాష బాగా రావాలి, మీ బోధన అర్హతను డీయూఓ అనే ప్రభుత్వ విభాగం గుర్తించాలి, ఇదంతా రెండు మూడేళ్ళ దారి. ఇంగ్లీషులో చెప్పే అంతర్జాతీయ పాఠశాలల్లో సహాయకురాలిగానో, ఉపాధ్యాయులు సెలవు పెట్టినప్పుడు వారి బదులుగానో చేరడం దగ్గరి దారి.

అంతకంటే దగ్గరి దారి ఒకటి మీ ఇంటి చుట్టూనే ఉంది, మీరు దాన్ని గమనించినట్టు లేదు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఎనిమిదో గ్రూపు, అంటే పదకొండు పన్నెండేళ్ళ వయసు వచ్చేసరికి, పిల్లవాడు ముందు ముందు ఏ రకం హైస్కూలుకు వెళ్ళాలో ఉపాధ్యాయుల సలహా మీదా, ఒక పరీక్ష మీదా తేలిపోతుంది. పదో తరగతి దాకా ఊపిరి పీల్చుకోవచ్చనుకొని వెళ్ళిన మన తల్లిదండ్రులకు ఇది తెలిసేసరికి గుండె జారుతుంది. ఐండ్‌హోవెన్‌లో చిప్పులు తయారుచేసే యంత్రాల పరిశ్రమ చుట్టూ ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి కావాలి. మీ కార్డు మీద ఉన్న అనుమతితో మీరు సొంతంగా పని పెట్టుకోవచ్చు కూడా. కేవీకే అనే వాణిజ్య నమోదు కార్యాలయంలో ఒక చిన్న రుసుము కట్టి పేరు నమోదు చేయించుకొని, వచ్చిన ఆదాయాన్ని పన్ను లెక్కల్లో చూపించాలి. నలుగురు పిల్లలతో మొదలుపెట్టండి. భిన్నాలు చెప్పడానికి వాళ్ళ డచ్ పాఠ్యపుస్తకం మీరు ముందుగా చదవవలసి వస్తుంది, అది మీకు భాష నేర్పుతుంది. ఆరేళ్ళు ఇంటర్మీడియట్ కుర్రాళ్ళకు కలన గణితం నేర్పి, ఇప్పుడు పదేళ్ళ వాళ్ళకు భిన్నాలా అనుకోవద్దు. మీరు నన్నడిగింది హోదా గురించి కాదు కదా.

భాష గురించి మన వాళ్ళు చేసే తప్పు ఒకటే. అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా అని ఊరుకోవడం. నిజమే, వచ్చు. మీరు ఒక డచ్ మాట తడబడి పలికేలోగా వాళ్ళే ఇంగ్లీషులోకి దిగిపోతారు, మర్యాద అనుకుంటారు. కానీ కార్యాలయంలో భోజనం బల్ల దగ్గర నవ్వులు డచ్‌లోనే నవ్వుతారు, పురపాలక సంఘం ఉత్తరం డచ్‌లోనే వస్తుంది, ఐదేళ్ళ తర్వాత శాశ్వత నివాసం అడిగితే పౌర సమన్వయ పరీక్ష డచ్‌లోనే రాయాలి. ఊరి గ్రంథాలయానికి వెళ్ళి టాల్‌కఫే ఎప్పుడు జరుగుతుందో అడగండి. కాఫీ తాగుతూ స్వచ్ఛంద కార్యకర్తలతో మాట్లాడుకునే చోటు అది. ఇంగ్లీషులోకి దిగినవాళ్ళను ఆపడానికి ఒక వాక్యం కంఠతా పట్టండి: "ఇక్ విల్ ఖ్రాఖ్ నేదర్లాండ్స్ ఊఫనన్", నేను డచ్ అభ్యాసం చేసుకోవాలనుకుంటున్నాను అని. ఆ గొంతులోని ఖకారానికి భయపడవద్దు, మీ ఐండ్‌హోవెన్ వైపు అది మెత్తగానే పలుకుతారు. డెల్ఫ్ట్‌లో నాకు గొంతు నొప్పి వచ్చేది.

స్నేహం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నాకు అక్కడ మొదటి స్నేహం కుదిరింది మూడేళ్ళ తర్వాత, 1996 నవంబరులో. ఆ నెల 6వ తేదీ రాత్రి కోనసీమ మీద తుపాను పడింది. మాది అమలాపురం పక్క ఊరు. మర్నాడు సాయంత్రం అక్కడి టీవీ వార్తల్లో అరనిమిషం చూపించారు. కొబ్బరిచెట్లు చీపురు పుల్లల్లా ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. ఏ ఊరో చెప్పలేదు. ఫోను చేస్తే లైను కలవలేదు, అలా నాలుగు రోజులు కలవలేదు. మా కింది అంతస్తులో డెబ్బై ఏళ్ళ ఆవిడ ఒకరు ఒంటరిగా ఉండేవారు. మెట్ల మీద ఎదురైతే తల ఊపడం తప్ప మాట ఉండేది కాదు, గర్విష్ఠి అనుకున్నాను. మూడో రోజు పొద్దున్న తలుపు తట్టారు. చేతిలో కాఫీ ఫ్లాస్కు, రెండు కప్పులు. మా వంటింటి బల్ల దగ్గర కోటు విప్పకుండానే కూర్చున్నారు. ఆవిడది జీలండ్ అనే సముద్రతీర ప్రాంతం. 1953 ఫిబ్రవరి 1న తెల్లవారకముందే ఉత్తర సముద్రం గట్లు తెంచుకొని ఊళ్ళ మీద పడినప్పుడు, ఆ దేశంలో 1,800 మందికి పైగా కొట్టుకుపోయిన ఆ ఉప్పెనలో, ఆవిడ ఇంటి కప్పు మీద ఒక పగలూ ఒక రాత్రీ కూర్చున్నారట. తమ్ముడి కబురు ఆరో రోజున తెలిసిందట. ఏమని తెలిసిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు వచ్చిన డచ్ అప్పటికి నలభై యాభై మాటలు, ఆవిడ ఇంగ్లీషూ అంతంతమాత్రం. నీటిని మాత్రం రెండు భాషల్లోనూ వాటర్ అనే అంటారు. గంటసేపు కూర్చుని లేచి, తలుపు దగ్గర ఆగి, ముఖం మీదే అన్నారు: "మూడేళ్ళయింది, నువ్వు నన్ను ఒక్కసారి కూడా కాఫీకి పిలవలేదు. మేమంటే నీకు ఇష్టం లేదనుకున్నాను." నేను ఆ మూడేళ్ళూ ఆవిడ పిలుస్తారని ఎదురుచూశాను.

మన ఊళ్ళో కొత్త కాపురం దిగితే ఇరుగుపొరుగులే వచ్చి, మీదే ఊరు, ఎవరి తాలూకా అని అడిగి, సాయంత్రానికి కూర గిన్నె కూడా పంపుతారు. అక్కడ మర్యాద తిరగబడి ఉంటుంది. కొత్తగా వచ్చినవారే గంట కొట్టి, మేము ఫలానా అని చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే వీళ్ళకు ఏకాంతం ఇష్టమేమో అని గౌరవించి దూరంగా ఉండిపోతారు. పదహారు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు, వెళ్ళి గంట కొట్టండి. రెండు వారాల తర్వాత ఒక తేదీ, ఉదయం పదిన్నర అని సమయం చెప్పి కాఫీకి పిలవండి. డైరీ తీసి రాసుకుంటారు, నవ్వుకోవద్దు. ఎదురు పిలుపుకు మీరు వెళ్ళినప్పుడు కాఫీతో ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తే చిన్నబుచ్చుకోవద్దు. మీ చీర బాగుంది గానీ ఈ చలికి తెలివితక్కువ పని అని ముఖం మీద అంటే దాన్ని నిందగా తీసుకోవద్దు, వాళ్ళ దృష్టిలో అది శ్రద్ధ. వాళ్ళింట్లో పెట్టినది పెట్టనివ్వండి, మీ ఇంటికి వచ్చినప్పుడు మాత్రం మన పద్ధతిలోనే పళ్ళెం నింపండి. ఆత్రేయపురం పూతరేకు చేతికిస్తే కాగితం ఎక్కడ విప్పాలా అని వెతుకుతారు, అక్కడి నుంచి మాటలు వాటంతట అవే సాగుతాయి. మాటలకు తడుముకోవలసి వస్తే, 17వ శతాబ్దంలో వాళ్ళ దేశపు వర్తకులు మీ పాలకొల్లులో బట్టల వ్యాపారానికి కొఠీ పెట్టారనీ, 1825లో గాని మన తీరం వదిలి వెళ్ళలేదనీ చెప్పి చూడండి. చాలామందికి తెలియదు, ఆశ్చర్యపోతారు. తెలుగు సంఘం సంక్రాంతికీ ఉగాదికీ వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. ఎవరు ఇల్లు కొన్నారు, ఎవరి కారు ఏది అన్న చర్చ మొదలయ్యే వేళకు లేచి రండి.

మీ మనసు సంగతి. తిండి సహించకపోవడం, పగటి పూట కూడా మంచం మీదినుంచి లేవాలనిపించకపోవడం లాంటివి మీరు రాయలేదు గానీ, ఉంటే దాచుకోవద్దు. అక్కడ దేనికైనా ముందు కుటుంబ వైద్యుని దగ్గరికే వెళ్ళాలి, పెద్ద డాక్టరు దగ్గరికి నేరుగా వెళ్ళలేరు. మన వాళ్ళు ఆ వైద్యులు దేనికీ పారాసిటమాల్ తప్ప రాయరని హాస్యమాడుతుంటారు, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ చాలా క్లినిక్కుల్లో మానసిక ఆరోగ్యం చూసే నర్సు ఒకరు ఉంటారు. కుటుంబ వైద్యునికి గానీ ఆ నర్సుకు గానీ వెళ్ళినది, ఆరోగ్య బీమాలో ఏటా మొదట మన చేతినుంచి పెట్టుకోవలసిన 385 యూరోల కిందికి రాదు. ఖర్చవుతుందని ఆగవద్దు. పిల్లల విషయంలో నా సలహా అడగలేదు కనుక ఒకటే చెబుతాను. అది మీ ఇద్దరి నిర్ణయం, అత్తగారికి ఆ మాట మీ వారే చెప్పాలి, మీరు కాదు. పురుడు అనగానే పుట్టిల్లు తప్ప దారి లేదని మాత్రం అనుకోవద్దు. అక్కడ కాన్పు తర్వాత వారం రోజులకు పైగా ఇంటికే వచ్చి, తల్లినీ బిడ్డనూ చూసుకుంటూ, స్నానం పోయడం నుంచి పాలు పట్టడం దాకా నేర్పే మనిషిని ఏర్పాటు చేసే పద్ధతి ఉంది. అమ్మ చేతి కారప్పొడి ఉండదు గానీ, ఒంటరిగా మాత్రం వదిలేయరు.

మీ వారు మంచివారని రాశారు, నమ్ముతున్నాను. అయితే ఇది చదువుతున్న మరో అమ్మాయి ఇంట్లో అలా ఉండకపోవచ్చు. కొట్టడం, పాస్‌పోర్టు దాచేయడం, పంపించేస్తానని బెదిరించడం ఉంటే, నెదర్లాండ్స్‌లో 0800-2000 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ప్రాణభయం ఉంటే 112. గృహహింసకు గురైన భార్య భర్తతో సంబంధం లేకుండా తన సొంత నివాస అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలు కూడా ఉంది.

కొబ్బరితోట గురించి మీ మామగారికి ఎవరైనా గట్టిగా చెప్పాలి, ఇది ఆయనకు చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. ఉద్యోగం కోసం విదేశం వెళ్ళిన మనిషి విదేశీ మారకద్రవ్య చట్టం దృష్టిలో ప్రవాసి. ప్రవాసి మన దేశంలో ఇల్లు కొనవచ్చు, ఇళ్ళ స్థలం కొనవచ్చు, ఫ్లాటు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌసు కొనకూడదు. కొబ్బరితోట అయినా, రొయ్యల చెరువు తవ్విన వరిచేను అయినా అంతే. బహుమతిగా రాయించుకోవడానికీ వీల్లేదు, వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. రిజిస్ట్రారు కార్యాలయంలో ఎవరూ అడగరులే, అందరూ చేస్తున్నారు అని ఊళ్ళో అంటారు. అడిగిన రోజు జరిమానా కట్టేది మీ వారు. పోనీ మామగారి పేరున కొంటే, ఆ తోట మామగారిదే అవుతుంది, రేపు దానికి మరుదులూ ఆడపడుచులూ అందరూ వారసులే. మీ వారి డబ్బుతో కొని, పేరు మాత్రం ఆయనది, అసలు హక్కు మనది అని లోపల ఒప్పందం చేసుకుంటే బినామీ చట్టం చిక్కులు వేరే ఉంటాయి. కన్నవారికి డబ్బు పంపడంలో తప్పేమీ లేదు, కానీ పంపేది పెట్టుబడా కానుకా అన్నది మీరిద్దరూ ముందుగా అనుకొని పంపండి. పనిలో పని, భీమవరంలో మీ జీతం పడిన పాత సేవింగ్స్ ఖాతాను కూడా ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి, ఇది చాలామంది మరచిపోతారు.

చివరిగా జూన్. ఏప్రిల్ నెలాఖరు దాకా మీకు మీరు గడువు పెట్టుకోండి. ఈ లోగా మీ పేరున ఖాతా తెరిచి ఉండాలి, భాష తరగతిలో చేరి ఉండాలి, ఇద్దరు పొరుగువారు మీ ఇంట్లో కాఫీ తాగి ఉండాలి, వారానికి రెండు రోజులైనా పిల్లలు లెక్కల కోసం మీ తలుపు తట్టాలి. అవన్నీ చేశాక కూడా మీకు భీమవరమే కావాలనిపిస్తే నిస్సంకోచంగా రండి. అప్పుడు మీరు తప్పించుకుంటున్నారని నేను అనను. కానీ గొడవపడిన రాత్రి టికెట్ కొనవద్దు. ఎన్నాళ్ళకు వస్తున్నారో, ఆయన ఎప్పుడు వస్తారో, మీరు ఎప్పుడు వెళతారో తేదీలతో సహా ఇద్దరూ కూర్చొని రాసుకోండి. పన్నెండు నెలల్లో ఎనిమిది నెలలకు మించి దేశం బయట ఉండేటట్లయితే అక్కడి పురపాలక నమోదు నుంచి పేరు తీయించుకోవాలి, ఎక్కువ కాలం బయట ఉంటే నివాస అనుమతికీ ముప్పు వస్తుంది. ఎన్నాళ్ళు ఉండవచ్చో మీ కార్డు నంబరు చెప్పి ఐఎన్‌డీ వారినే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మీ అమ్మగారిని అక్కడికి పిలవాలనుకుంటే చలికాలంలో పిలవవద్దు, ఏప్రిల్‌లో పిలవండి. మే నెల అంటే ఆవకాయ వదిలి ఆవిడ ఎలాగూ కదలరు.

కళాశాల వారికి మాత్రం ఈ వారమే ఉత్తరం రాయండి, మే మొదటి వారంలో ఖాయంగా చెబుతానని. అంతవరకూ ఆగలేమంటే ఆగవద్దనండి. వచ్చే ఏడు కూడా జూన్ నెల వస్తుంది, భీమవరంలో లెక్కల మేడమ్‌ల కొరత అప్పటికి తీరిపోయేదేమీ కాదు.